డాబా మీద చెక్కలకు రంగు పూసిన

బాపూ,

డాబా మీద చెక్కల అరుగుకు పొద్దుగాలనే టేకు రంగు పూసిన. నేనొచ్చేదాక దాని మీద కాలు పెట్టకు. రంగు తుడిచిన నూనె గుడ్డలను దండెం మీద విడివిడిగ ఆరేసిన. వాటిని ముద్ద చేసి మూలకు పడెయ్యకు, వేడెక్కి వాటంతటవే అంటుకుంటయి. వాన ఫికర్ వద్దు, మొగులు చూసే మొదలుపెట్టిన. రెండో పూత రేపు నేనే వేస్త.

పావురాలకు జొన్నలు ఇయ్యాల పిట్టగోడ మీద చల్లు. పోయినేడాది తడి రంగు మీదనే చల్లినవు. గింజలు, ఈకలు అన్నీ అతుక్కుంటే ఎమరీ కాగితంతోని రెండు రోజులు గీకిన. అది చాలదన్నట్టు నా బిడ్డకు పని రాదని బార్కస్‌ల ఉండే నీ దోస్తు సాలెం చాచాకు చెప్పినవు. ఈసారి ఆయన్నే తీస్కొచ్చి చూపెట్టు, ఒక్క మరక దొరికితే అడుగు.

అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నయి.

వర్షిత

మెట్ల పక్కనున్న ఒక్క చెక్కకు రంగు పూయలే. మర్చిపోయిన అనుకోకు. నీ కుంటి పావురం పోయినేడాది తడి రంగుల నడిచిన అడుగులు ఇంకా దాని మీద ఉన్నయి. అది మళ్ల రాలేదు కదా.