సున్నా కన్నా చిన్న కొక్కెం

సూరారం
ఆదివారం, 19 జనవరి. చలి, పొద్దున మంచు. నీళ్ల ట్యాంకు కడిగాను.

గౌరవనీయులైన బుల్లిబాబు గారికి,
లింగస్వామి నమస్కారాలు.

మీ దుకాణం చీటీ మీద ‘నోటిమాట ఆర్డర్లు తీసుకోబడవు, రాసి పంపండి’ అని చదివి సంతోషించాను. నాకూ మాట్లాడటం పెద్దగా రాదు.

నేను మోటారు వైండింగు చేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, కాలిపోయిన మోటార్లు విప్పి నేర్చుకున్నాను. శామీర్‌పేట చెరువులో పరక చేపలు పొద్దున్నే పైకి తేలి, దోమ లాంటి ఒక పురుగును తింటాయి. ఆ పురుగును గాలం కొక్కెం మీద రాగితీగతో చుట్టి తయారు చేయాలని రెండేళ్లుగా ప్రయత్నం. వాచీ మెకానిక్ కంటి అద్దంలో దాన్ని చూశాను. ఆవగింజలో సగం లేదు. ఒంటినిండా చుట్లు. నలభై ఏళ్లు తీగ చుట్టాను, అంత సమంగా ఒక్క కాయిలూ చుట్టలేదు. ఎవరు చుట్టారో.

మీ 16 నంబరు కొక్కెం దానికి పెద్దది. కాడ పొట్టిగా, నోరు వెడల్పుగా, దారం కట్టే కన్ను తిన్నగా ఉండే 24 పంపండి. ఇంకా చిన్నవి ఉంటే మరీ మంచిది.

తొందర ఎందుకంటే, మత్స్యకారుల సంఘం పెద్ద మల్లేశం ఒక మాట అన్నాడు. “శివరాత్రికి వలలు దింపుతం లింగన్నా. గా లోపల నీ నకిలీ దోమకు ఒక్క పరక పడితే, నువ్వు కూసునే బండ నీది, ఎవ్వడు అడుగడు. పడలేదనుకో, ఇగ కట్ట ఎక్కకు.” ఆ బండ తప్ప నాకు వేరే చోటు లేదు.

ఇట్లు,
లింగస్వామి

తా.క. కొలత తెలియడానికి పురుగునే పంపుతున్నాను. కాగితం మడతలో ఉంది. తుమ్మకండి.

*

యాప్రాల్
24 జనవరి

లింగస్వామి గారికి,
జయమ్మ నమస్కారమండీ.

బుల్లిబాబు మా తమ్ముడు. గుండ్లపోచంపల్లి దగ్గర స్కూటరు జారి కాలు విరగ్గొట్టుకుని లోపల గదిలో పడుకున్నాడు. దుకాణం నేనే చూస్తున్నాను. మీరేం కంగారు పడకండి, ముప్ఫై ఆరేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, నంబర్లతో నాకు ఇబ్బంది లేదు. 16 పెద్దదయిందంటూనే 24 అడిగారు! చేతి పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. 16 కన్నా చిన్నది కదా కావలసింది? 8 పంపుతున్నాను. సరిగ్గా సగం.

డబ్బా సీలు విప్పితే కంపెనీ వాళ్లు వెనక్కి తీసుకోరట, అందుకని విప్పి చూడలేదు.

ఉంటాను,
జయమ్మ

తా.క. పురుగు కనబడలేదండీ. మడత విప్పేటప్పుడే తుమ్ము వచ్చింది.

ఇంకో తా.క. సొరుగులో 32 అని రాసిన ప్యాకెట్టు ఒకటి విప్పి ఉంది. లోపల ఏమీ లేదు, కాస్త ఇనప పొట్టు. దులిపేశాను. ఖాళీ ప్యాకెట్లకి నంబర్లేమిటో వీడికి.

*

సూరారం
గురువారం, 30 జనవరి. పొడి ఎండ. చౌరస్తా హోటలు గ్రైండరు మోటారు చుట్టాను.

జయమ్మ గారికి,
నమస్కారాలు. తమ్ముడు గారి కాలు త్వరగా అతకాలి.

8 నంబరు అందింది. నా పురుగులు ఒక బడి పిల్లల్లాగా దాని మీద వరసగా కూచోవచ్చు. తప్పు నాదే, వివరంగా రాయలేదు. ఇది చాలా పెద్దది. మీ దుకాణంలో అన్నిటికంటే చిన్నది ఏదో అది పంపండి. శివరాత్రి 26న.

ఇట్లు,
లింగస్వామి

తా.క. 32 ప్యాకెట్టు గురించి చదివి ఆ రోజు అన్నం తినలేకపోయాను. చెప్పాలా వద్దా అని ఇప్పటిదాకా ఆలోచించాను. మళ్లీ రాస్తాను.

*

యాప్రాల్
3 ఫిబ్రవరి

లింగస్వామి గారికి,
నమస్కారమండీ.

ఎనిమిది కూడా పెద్దదేనా! భలే మనిషండీ మీరు. సరే, అటక మీద డబ్బాలన్నీ దింపించాను. నాలుగు, రెండు, ఒకటి, అన్నీ చూసి చివరికి పట్టేశాను. ఒక డబ్బా మీద 5, ఒక గీత, పక్కన సున్నా వేసి ఉంది. అంటే సున్నాలో అయిదో రకం. సున్నా కన్నా చిన్నవి లెక్కల్లో ఉన్నాయి గానీ దుకాణాల్లో దొరకవు.

డబ్బా మాత్రం మహా బరువు. చిన్నవి కదా, లెక్కలేనన్ని పట్టి ఉంటాయి.

తమ్ముణ్ణి ఓసారి అడగొచ్చుగా అంటారేమో. ఆరో తరగతిలో వాడికి లెక్కలు చెప్పిందే నేను. నేను వాణ్ణి అడగనా?

ఉంటాను,
జయమ్మ

తా.క. మీరు అన్నం ఎందుకు మానేశారో అర్థం కాలేదు. ఇనప పొట్టుకి ఇంత బాధా?

*

సూరారం
శనివారం, 8 ఫిబ్రవరి. ఎండ ముదిరింది. రేకుల మీది తాడు మార్చాను.

జయమ్మ గారికి,
నమస్కారాలు.

డబ్బాలో అయిదు కొక్కేలు ఉన్నాయి. ఒకదానికి నా భార్య సత్యమ్మ గుమ్మడికాయ వేలాడదీసింది. వంగలేదు.

ఇప్పుడు నాకు తెలిసింది. మా తీగల్లో నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. కొక్కేలకూ అంతే. పుట్టినప్పటి నుంచి అందరికీ తెలుసనుకుని రాయలేదు. ఈ కాగితానికి రెండు ముక్కలు అంటించాను. మొదటిది 20 గేజి, అగ్గిపుల్లలో సగం. రెండోది 46. అది కనబడదు, దీపం ముందు కాగితం వంచండి, మెరుస్తుంది. సున్నాకు ఇటువైపు నంబరు పెరిగితే కొక్కెం తగ్గుతుంది, అటువైపు, అంటే మీ గీతా సున్నా వైపు, పెరిగితే సొరచేపలు పట్టేదాకా పోతుంది.

అమ్మగారూ, చెప్పక తప్పదు. మీరు దులిపింది పొట్టు కాదు.

ఇట్లు,
లింగస్వామి

తా.క. మల్లేశం మీ సున్నాను చేతిలో తిప్పి చూశాడు. “దీంతోని చెరువునే గుంజుతవా ఏంది?” అన్నాడు.

*

యాప్రాల్
13 ఫిబ్రవరి

లింగస్వామి గారికి,
జయమ్మ నమస్కరించి రాస్తోంది.

దీపం ముందు కాగితం వంచాను. మెరిసింది.

ఆ తరవాత ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం పీకి, ఈ మోకాళ్లతో గదంతా పాకాను. ప్యాకెట్టు మీద రాసిన ఇరవై అయిదింట్లో మూడు దొరికాయి. రెండు గోనెపట్టా కింద, ఒకటి చీపురులో. తమ్ముడి భూతద్దం కింద పెట్టి చూశానండీ. నోరుంది. కాడుంది. కన్నుంది. ఆ కన్నులోంచి అవతలి వెలుతురు కూడా కనబడింది. అంత చోట్లో కన్ను పొడిచిన చెయ్యి ఎవరిదో గాని, కూర్చుని అలా చూస్తూ ఉండిపోయాను. లోపల్నుంచి బుల్లిబాబు, “అక్కా! ఏమైందే? పలకవేంటే?” అని కంగారుపడిపోయాడు. వాడు పుట్టాక నేను పలక్కుండా ఉండటం ఇదే మొదలట.

మూడూ పంపుతున్నాను. విడిగా పంపితే మీ ఇంట్లోనూ ఎవరైనా దులిపేస్తారు. అందుకని ఒకదాని కన్నులో నా తెల్లవెంట్రుక దూర్చాను, గుర్తుగా.

మీ బండ మీకే దక్కాలి.

జయమ్మ

తా.క. వెంట్రుక దూర్చడానికి గంటన్నర పట్టింది. మధ్యలో ఇద్దరు కొనడానికి వచ్చారు. తుమ్ముతారేమోనని లోపలికి రానివ్వలేదు.

*

శామీర్‌పేట, బండ మీద
ఆదివారం, 23 ఫిబ్రవరి. గాలి లేదు, నీళ్లు అద్దం. చేసిన పని చివర రాస్తాను.

జయమ్మ గారికి,
నమస్కారాలు.

మొదటి కొక్కెం పట్టుకారులో విరిగింది. రెండోది నా ఊపిరికే ఎగిరిపోయింది. మూడోది వెంట్రుకది. వెంట్రుకను కన్నులోంచి తీశాను గాని పారేయబుద్ధి కాలేదు. కాడకు ఆనించి పైన 46 గేజి తొమ్మిది చుట్లు చుట్టాను. కొస రెక్కలాగా వదిలాను.

ఇవాళ సూర్యుడు వచ్చీ రాకముందు పరక తీసుకుంది. శబ్దం లేదు. నీళ్లలో చిన్న ఉంగరం, వేలి మీద చిన్న లాగుడు. చూపుడు వేలంత చేప.

మల్లేశాన్ని పిలిచాను. చేప పెదవి దగ్గర కళ్లు పెట్టి చూసి, “ఏడుందే నీ గాలం? గిది నిజం దోమనే. దోమను పట్టుకొచ్చి నన్ను పాగల్ జేస్తున్నవా?” అన్నాడు. రెండేళ్లు దోమలాగా చేయాలని చూశాను. దోమలాగా ఉన్నందుకే బండ పోయేటట్టు ఉంది. జేబులోని కంటి అద్దం తీసి ఇచ్చాను.

చాలాసేపు చూశాడు. తరవాత మెల్లగా, “లింగన్నా, దోమకు తెల్ల ఎంటికె ఉంటదా?” అన్నాడు.

“ఉండదు” అన్నాను.

“మరి గిదెవరిది?”

“లెక్కల టీచరమ్మది.”

మళ్లీ చూశాడు. “కన్ను గూడ ఉన్నదే దీనికి… మస్తు జేసినవే. బండ నీదే తియ్యి” అన్నాడు. పరకను నీళ్లలో వదిలేశాను. అద్దం మాత్రం అతను ఇంకా తిరిగి ఇవ్వలేదు. పక్కన కూచుని తన వేలి చర్మం, గడ్డిపోచ, చీమ, అన్నీ చూస్తున్నాడు.

ఇక చేసిన పని. సత్యమ్మ పొద్దున బయలుదేరేటప్పుడు చెప్పింది, గుమ్మడికాయ కొక్కేనికి పక్కన మిగతా నాలుగూ దిగగొట్టమని. రెండు కొట్టాను, మూడోది

ఆగండి, నీళ్లు మళ్లీ కదిలాయి. ఉంగరం. ఇంకొకటి