గ్లాడిస్ చెత్తదిబ్బకి వెళ్ళిన శనివారం

పోర్ట్ టెర్నీ,
నవంబరు 7, సోమవారం

గౌరవనీయురాలైన నాన్‌కివెల్ టీచరమ్మ గారికి,

మీ ఒకటో తరగతిలో చదువుతున్న జెనీన్ వయట్ మేనమామ మెర్వ్ టాంకిన్ టోపీ తీసి రాయునది. మా చెల్లెలు లోరెయిన్‌కి శని, ఆదివారాలు కూడా ఆస్పత్రి వంటగదిలో డ్యూటీ. బడి లేని వేళల్లో జెనీన్, దాని తమ్ముడు మూడేళ్ళ వెస్, ఇద్దరూ నా కొంపలోనే పడి ఉంటారు. కాబట్టి ఈ గొడవ నాది.

ఈ సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, సంచీ గిరాటేసి, కోళ్ళ గూట్లో దూరింది. రమ్మంటే రాదు. బిస్కెట్ చూపిస్తే కోడి వచ్చింది గానీ పిల్ల రాలేదు. చివరికి నేనే మోకాళ్ళ మీద పాక్కుంటూ లోపలికెళ్ళి అడిగితే, "మామయ్యా, టీచర్ నా పేజీ చదవలేదు. నాలుగు ముక్కలు చదివి టప్పున మూసేసింది" అంది.

ఇదేం న్యాయం టీచరమ్మా? తరగతిలో ఉన్న గుడ్డ కంగారూ గ్లాడిస్ ప్రతి శుక్రవారం ఒక పిల్ల ఇంటికి వెళ్ళాలని, సెలవు రోజుల్లో అది వెలగబెట్టిన పనులు ఇంటివాళ్ళు నోటుపుస్తకంలో రాయాలని, సోమవారం మీరు అందరి ముందూ చదవాలని నియమం పెట్టింది మీరా, నేనా? అదీ అక్షరాల వరసలో! ముప్పై ఒక్కమందిలో మాది డబ్ల్యూ. ఫిబ్రవరి నుంచీ ప్రతి శుక్రవారం గ్లాడిస్ వేరే ఎవరి చంకెక్కో వెళ్ళిపోతుంటే ఆ పిల్ల గుడ్లప్పగించి చూసింది. నాదీ టి అక్షరమే లెండి, నాకా బాధ తెలుసు. మా రోజుల్లో బడిలో పంచే పాలసీసా నా దాకా వచ్చేసరికి ఎండకి విరిగిపోయేది.

పుస్తకంలో ముందున్న పేజీలన్నీ చదివాను. ఒకళ్ళింట్లో గ్లాడిస్ వయొలిన్ విందట. ఇంకొకళ్ళతో నగరానికెళ్ళి, మ్యూజియం చూసి, డైనోసార్ ఎముకల గురించి తెలివైన ప్రశ్నలు వేసిందట. లోపల ఉన్నది రంపపు పొట్టు! మరొకళ్ళింట్లో పాలకూర మారు వడ్డించుకుందట. అవన్నీ గొంతెత్తి చదివారు కదా? నేను జెనీన్ చెప్పింది చెప్పినట్టు రాశాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది, తప్పులుంటే దిద్దుకోండి. పేజీ మాత్రం చదవండి.

ఇట్లు,
న్యాయం కోరుతూ,
మెర్వ్ టాంకిన్

తా.క.: తోక మీది ఎర్ర మరక రక్తం కాదు. బర్గర్లోంచి జారిన బీట్‌రూట్ ముక్క. గ్లాడిసే ముందు నోరు తెరిచిందని వెస్ సాక్ష్యం.

—

పోర్ట్ టెర్నీ ప్రాథమిక పాఠశాల,
నవంబరు 9

శ్రీ టాంకిన్ గారికి,

ఈడిత్ నాన్‌కివెల్ వందనములతో రాయునది. మీ ఉత్తరం అందింది. పేజీ ఎందుకు ఆపానో మనవి చేస్తాను. మీరు రాసిన మొదటి వాక్యాలు ఇవి:

"శనివారం గ్లాడిస్‌ని చెత్తదిబ్బకి తీసుకెళ్ళి అక్కడ వదిలేసి వచ్చాం. తర్వాత నీళ్ళలో ముంచాం. మామయ్య దాని చెవులు పట్టుకుని తీగకి వేలాడదీశాడు. గిరగిరా తిప్పాం. అప్పుడు పోలీసు వచ్చాడు."

ఇక్కడికి వచ్చేసరికి ముందు వరసలో ఇద్దరు ఏడుపు లంకించుకున్నారు. ఈ శుక్రవారం వంతు వచ్చే యేట్స్ పాప లేచి, "గ్లాడిస్‌ని ఇంకెక్కడికీ పంపొద్దు టీచర్, పాపం" అంది. ఇక చదవడం నా వల్ల కాలేదు.

ఈ నెల ఇరవై ఐదున తల్లిదండ్రుల దినం. ఇన్‌స్పెక్టర్ గారు కూడా వస్తున్నారు. ఆయన ముందు బల్ల మీద పెట్టేది ఈ పుస్తకమే. దయచేసి మీ పేజీని కాస్త విజ్ఞానదాయకంగా తిరగరాసి పంపండి. పిల్లలు క్షేమమేనని, పోలీసుల వ్యవహారం సర్దుకుందని ఆశిస్తాను.

భవదీయురాలు,
ఈడిత్ నాన్‌కివెల్

తా.క.: గ్లాడిస్ పొట్టసంచిలో మూడు పీత డెక్కలు దొరికాయి. అంతకుముందు రెండు రోజులు వాసన ఎక్కడినుంచో తెలియక హెడ్మాస్టరు గారి బూట్లను అనుమానించాం.

—

నవంబరు 10

నాన్‌కివెల్ టీచరమ్మ గారికి,

మెర్వ్ టాంకిన్ టోపీ తీయకుండానే రాయునది.

నన్నో హంతకుణ్ణి చేసేశారు! ఒక్కొక్కటే చెబుతాను, నిదానంగా చదవండి.

శనివారం పూట చెత్తదిబ్బకి వెళ్ళని ఇల్లు ఈ ఊళ్ళో ఒక్కటి చూపించండి. మన ట్రెయిలర్లో పాత సామాను తీసుకెళ్ళి దించడం, ఇంకొకళ్ళు దించిన దాంతో అదే ట్రెయిలర్ నింపుకుని రావడం. ఆ రోజు మాకు ఇనప స్నానాల తొట్టి దొరికింది. సింహం పాదాల్లాంటి నాలుగు కాళ్ళు, అందులో ఒకటి లేదు. పిల్లలిద్దరూ దాని చుట్టూ గంతులు. ఆ సంబరంలో గ్లాడిస్‌ని ఒక పాత ఫ్రిజ్ మీద మరిచిపోయాం. పది నిమిషాల్లో వెనక్కి పరిగెత్తాం. అప్పటికే చెత్తదిబ్బ కాపలాదారు దాన్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి టీ తాగుతున్నాడు. "పొద్దుట్నుంచీ నా మాటకి అడ్డు రాకుండా విన్నది ఇదొక్కతే, ఇవ్వను పో" అన్నాడు. బతిమాలి తెచ్చుకున్నాం.

తొట్టిని పెరట్లో దించి, లేని కాలి చోట ఇటుకలు పేర్చి, నీళ్ళు నింపాం. ముగ్గురం కలిసి కట్టిన కొలను అది! గ్లాడిస్ చెత్తదిబ్బ కంపు కొడుతుంటే అందులో స్నానం చేయించాం. తడిసిన బొమ్మని ఎక్కడ ఆరేస్తారు, ఓవెన్లోనా? గొడుగులా తిరిగే బట్టల తీగకి క్లిప్పులు పెట్టాను. చెవులు తప్ప క్లిప్పు పట్టే చోటు ఇంకెక్కడుంది దానికి? పక్కింటి లడ్లో గారి భార్య కంచె మీదుగా చూసి, నేను కంగారూ పిల్లని ఉరి తీస్తున్నానని పోలీసులకి ఫోన్ చేసింది. సార్జెంట్ వచ్చాడు, చూశాడు, ఎవరూ చూడటం లేదనుకుని తనూ రెండు చుట్లు తిప్పి వెళ్ళాడు.

ఇందులో ఏడవడానికి ఏముంది? నాలుగు ముక్కల దగ్గర ఆపకుండా చదివితే నవ్వేవాళ్ళు.

విజ్ఞానం కావాలా? ఇదిగో తీసుకోండి: "శనివారం గ్లాడిస్ పెందలాడే లేచి పళ్ళు తోముకుంది. ఏడు రకాల కూరగాయలు తిని ఎనిమిదోది అడిగింది. మామయ్య పియానో వాయించాడు. తర్వాత నక్షత్రాల గురించి చర్చ జరిగింది. గ్లాడిస్ ఎక్కాలు చెప్పుకుంటూ నిద్రపోయింది." విడి కాగితం మీద అందంగా రాసి జత చేశాను. సంతోషమా?

ఇట్లు,
ఉరిశిక్షల నిపుణుడు,
మెర్వ్ టాంకిన్

తా.క.: పీత డెక్కలు వెస్‌వి. ఆదివారం జెట్టీ మీద పట్టాం. వాడు దాచుకున్నవి కాబట్టి తిరిగి పంపించండి. రోజూ అడుగుతున్నాడు.

—

నవంబరు 15

శ్రీ టాంకిన్ గారికి,

ఈడిత్ నాన్‌కివెల్ కృతజ్ఞతలతో రాయునది. మీరు పంపిన కొత్త పేజీ చాలా బాగుంది. ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు. పాత పేజీ కనబడకుండా దాని మీద జాగ్రత్తగా అంటించి, నిన్న తరగతిలో చదివి వినిపించాను.

విచారకరమైన సంగతి ఒకటి చెప్పాలి. చదవడం పూర్తి కాకముందే జెనీన్ లేచి నిలబడి, "అదంతా అబద్ధం" అని అరిచింది. "మీ మామయ్యే స్వయంగా రాశారమ్మా" అంటే, "మా మామయ్య సరదాకి అబద్ధాలు చెబుతాడు. మీరు నిజంగా చదివేస్తున్నారు" అంది. తరగతి అంతా గొల్లుమంది. అందరి ముందూ టీచరుని అలా అనవచ్చా? క్షమాపణ చెప్పమన్నాను. చెప్పలేదు. చెప్పేవరకూ తల్లిదండ్రుల దినం నాడు పాటలో నిలబడటానికి వీల్లేదని చెప్పవలసి వచ్చింది. మీరు కాస్త నచ్చజెప్పండి.

భవదీయురాలు,
ఈడిత్ నాన్‌కివెల్

తా.క.: మీకు పియానో వచ్చునని ఇప్పుడే తెలిసింది. మాకు వాయించే ఆమె చెయ్యి బెణికింది. ఆ రోజు పాటకి మీరు కూర్చోగలరా?

—

నవంబరు 16

టీచరమ్మా,

ఈసారి టోపీ సంగతి వదిలేయండి.

ఆ కాగితం మిమ్మల్ని ఎద్దేవా చెయ్యడానికి రాశాను. నక్షత్రాల గురించి చర్చట! మా వెస్ ఇంకా సూర్యుణ్ణి చూసి 'లైటు ఆపు' అంటాడు. మీరు దాన్ని నమ్మేసి అంటిస్తారని నేను కలగన్నానా? తప్పు నాది. నన్ను గోడకి నిలబెట్టండి. ఆ పిల్లనెందుకు?

నిన్న రాత్రి భోజనాల దగ్గర జెనీన్ ముద్ద ముట్టలేదు. నచ్చజెప్పమన్నారుగా, మొదలెట్టాను. "సారీ అనెయ్యవే, పోయేదేముంది" అన్నాను. అది చెంచా పక్కన పెట్టి, "మామయ్యా, మనం వెళ్ళిన చోటు మంచిది కాదా? అందుకేనా చదవకూడదు?" అని అడిగింది. యాభై ఒక్క ఏళ్ళు వచ్చాయి, ఈ ఊళ్ళో నా నోటికి భయపడని వాడు లేడు. అలాంటి నేను లేచెళ్ళి తొట్టిలో నీళ్ళు మార్చాను.

అబద్ధం రాస్తే తీసుకున్నారు. నిజం రాస్తే మూసేశారు. నిజం చెప్పిన పిల్లని పాటలోంచి తీసేశారు. ఇది బడేనా?

ఇంకొక్క మాట. ఆ ముప్పై ఇళ్ళ పేజీలూ పక్కన పెట్టి, గ్లాడిస్ ఎక్కడెక్కడికి వెళ్ళిందో పిల్లల్నే అడగండి. వాళ్ళ అమ్మానాన్నల్ని కాదు, పిల్లల్ని. అడిగే ధైర్యం ఉందా?

మెర్వ్ టాంకిన్

తా.క.: అంటించిన కాగితం కెటిల్ ఆవిరి పడితే చినగకుండా ఊడి వస్తుంది. కుర్రతనంలో నన్ను పోస్టాఫీసు ఉద్యోగంలోంచి తీసేసింది ఈ విద్య తెలిసినందుకే.

ఇంకో తా.క.: పియానో ఎత్తడం వచ్చు. వాయించడం రాదు.

—

నవంబరు 28

శ్రీ టాంకిన్ గారికి,

ఈడిత్ నాన్‌కివెల్ రాయునది.

మీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. వారం రోజులు జవాబు రాయకూడదనుకున్నాను. ఎనిమిదో రోజు కెటిల్ పెట్టాను, టీ కోసం కాదు.

శుక్రవారం తల్లిదండ్రుల దినానికి ఆస్పత్రి ఉద్యోగం వదిలి మీ చెల్లెలు రాలేకపోయారని, గేటు బయట నిలబడి లోపలికి రాకుండా మీరు వెళ్ళిపోయారని విన్నాను. కాబట్టి ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత. హాలు నిండా తల్లిదండ్రులు, ముందు కుర్చీలో ఇన్‌స్పెక్టర్ గారు. మీ అసలు పేజీ తీసి, ఆపకుండా చివరిదాకా చదివాను. కాపలాదారు టీ దగ్గర ఒకరు నవ్వారు. సార్జెంట్ రెండు చుట్ల దగ్గర హాలంతా నవ్వింది. పుస్తకం మూసి, మీరు అడగమన్న ప్రశ్న అడిగాను.

వయొలిన్ పేజీ కుర్రాడు లేచి, "మా ఇంట్లో వయొలిన్ లేదు టీచర్. నాన్న గురకే ఉంది" అన్నాడు. వాళ్ళమ్మ వెనకనుంచి "కూర్చోరా!" అంది. వాడు కూర్చునేలోగా ఇంకో పిల్ల: "మేం వెళ్ళేసరికి మ్యూజియం మూసేశారు. అమ్మా నాన్నా దారి గురించి పోట్లాడుకున్నారు. మేం కార్లో చిప్స్ తిన్నాం. గ్లాడిస్ డిక్కీలోనే ఉంది." ఇంకొకడు: "పాలకూర కుక్క తినేసింది. తర్వాత కక్కేసింది కూడా." ఇక ఆపడం నా తరం కాలేదు. పెద్దవాళ్ళ మొహాలు మీ బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. ఇన్‌స్పెక్టర్ గారు జేబురుమాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

జెనీన్‌కి అందరి ముందూ క్షమాపణ చెప్పాను. "పర్లేదు టీచర్, మీకు మామయ్య సంగతి తెలీదు కదా" అంది. పాటలో ముందు వరసలో నిలబడింది. పియానో లేకుండానే పాడాం.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ గారే అడిగారు: ఏడాది చివర తరగతి విహారయాత్ర ఎక్కడికి? ఏటా మ్యూజియమే. ఈసారి చేతులెత్తించాం. ముప్పై ఒక్క చేతులూ చెత్తదిబ్బకీ, అక్కణ్ణించి మీ పెరటి తొట్టికీ లేచాయి. ఆయన అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

కాబట్టి డిసెంబరు 8, గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి బస్సు మీ గుమ్మం ముందు ఆగుతుంది. ఏటా నలుగురు తల్లులు సాయం వచ్చేవారు. ఈసారి మీ పేరు చెప్పగానే ఒక్కరూ రామన్నారు. సాయం చేసే పెద్దల జాబితాలో మీ పేరు ఒక్కటే ఉంది. హెడ్మాస్టరు గారు సిరాతో రాసేశారు. తువ్వాళ్ళు మేం తెస్తాం. లడ్లో గారి భార్యకి, సార్జెంటుకి ముందుగా మీరే చెప్పి ఉంచండి.

భవదీయురాలు,
ఈడిత్ నాన్‌కివెల్

తా.క.: జూలైలో చలికాలం సెలవుల్లో గ్లాడిస్ నాతోనే ఉంది. ఇద్దరం కొండలెక్కి అడవిపూల బొమ్మలు గీశామని పుస్తకంలో రెండు పేజీలు రాశాను. నిజానికి ఆ రెండు వారాలూ నేను మంచం దిగలేదు. అది దుప్పట్లో నా పాదాలు కాచింది. ఇవాళ గంట కొట్టాక అందరూ వెళ్ళిపోతే జెనీన్ ఒక్కతే నా బల్ల దగ్గరకొచ్చి, "టీచర్, మరి మీ పేజీ?" అని అడిగింది. "విహారయాత్ర రోజు చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను. ఆ పిల్ల మరిచిపోయే రకమేనా?