మేనేజరు కుర్చీలో నీ డ్రోను

చిన్నోడా,

ఫోన్లో చెబితే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. నీ డ్రోను భద్రంగానే ఉంది, కాకపోతే మన ఇంట్లో లేదు.

నిన్న నేనూ, నాతో పనిచేసిన ముగ్గురు ఆపరేటర్లూ మూతపడిన మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి చూడ్డానికి వెళ్ళాం. మెట్లెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. అందుకే నువ్వు నేర్పినట్టే డ్రోనును పైకి పంపాను. పగిలిన కిటికీలోంచి అది తిన్నగా మేనేజరు గదిలోకి దూరింది. తిట్లు తినడానికి తప్ప మేమెప్పుడూ అడుగుపెట్టని గది అది. తెర మీద ఆయన కుర్చీ కనబడగానే, మాలో అందరికంటే భయస్తురాలు "దించవే అందులో" అంది. దించాను. కుర్చీ గిర్రున తిరిగింది. మేము పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఛార్జింగ్ అయిపోయింది.

నువ్వే వచ్చి తెచ్చుకోవాలి. తొందరేం లేదు. ఆ కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళని చూడటం మాకిదే మొదటిసారి.

మీ అమ్మమ్మ