ఐదో నంబరు జెర్సీ ఎవరిచ్చారు?

మాబున్ని అక్కకు కువైట్ నుంచి తమ్ముడు దస్తగిరి సలాములు. నేను బాగున్నాను, ఒంట్లో ఏ నలతా లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కవరు చూడగానే నాకేదో అయిందని గుండెలు బాదుకుంటావు. నీ మెడనొప్పి ఎలా ఉంది? రోజంతా మిషన్ మీద వంగి కుట్టొద్దని చెప్పినా వినవు. బావ చేతి మీద వెల్డింగ్ నిప్పురవ్వ పడిందన్నారు, మానిందా? పాప సరిగ్గా బడికి పోతోందా? పక్కింటి జైనబీ అవ్వ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అందరూ క్షేమంగా ఉన్నారనే నమ్ముతాను. నమ్ముతాను అని రాశాను గానీ, ఈ మధ్య నేను ఎవరినీ పూర్తిగా నమ్మడం లేదక్కా. అందుకే ఈ ఉత్తరం.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్‌లో కాస్త గట్టిగా అడిగితే పొయ్యి మీద పాలున్నాయంటావు. బావ అయితే కరెంటు పోయిందంటాడు. ఫోన్ మాట్లాడటానికి కరెంటు ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. కాగితం మీద రాస్తే మధ్యలో పెట్టేసి పోవడానికి ఉండదు. నా పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే హుసేనయ్య మామ సెలవు మీద వస్తున్నాడు. తన ఊరు పులివెందులకు పోయే ముందు ప్రొద్దుటూరులో దిగి దీన్ని నీ చేతికే ఇస్తాడు. కవరుకు రెండుసార్లు బంక పూశాను, చూసుకో. మామ మంచివాడే, కాదనను. కానీ మనవాళ్ళు ఫుట్‌బాల్ ఫైనల్ ఆడబోయేది పులివెందులతో. ఇందులో మన ఆట సంగతి చాలా ఉంది. అంచు చిరిగి ఉంటే నాకు చెప్పు.

ఇక్కడ చలి మొదలైంది. ఎండాకాలం మొత్తం ఆ ఇస్త్రీ ఆవిరిలో ఉడికిపోయాం, ఇప్పుడేమో పొద్దున దుకాణం షట్టర్ పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. పని మామూలే. తెల్ల అంగీలు, పొడుగు అంగీలు, మళ్ళీ తెల్ల అంగీలు. బట్టను తిప్పకుండానే కుట్టు ఎటు పోయిందో చెప్పగలను ఇప్పుడు. తిండికి లోటు లేదు, ఖుబూస్ రొట్టె, పప్పు, శుక్రవారం కోడి. నువ్వు పంపిన చెనక్కాయల పొడి అయిపోయి చాలా రోజులైంది, మామ తిరిగొచ్చేటప్పుడు కొంచెం ఎక్కువే కట్టివ్వు. ఎండుమిరపకాయలు మన ఊరివే వేయి. నా ఫుట్‌బాల్ బూట్లు పంపావు కదా, అవి ఇప్పటికీ సరిగ్గా సరిపోతున్నాయి. శుక్రవారాలు మన జిల్లా వాళ్ళం పదిమంది దాకా చేరి ఖాళీ స్థలంలో ఆడుకుంటున్నాం. మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి. సాయంత్రం గదికి వచ్చాక మాత్రం మన గ్రౌండ్ గుర్తొస్తుంది, ఏమీ తోచదు.

ఇక జట్టు విషయం. మనవాళ్ళు సగంమంది గల్ఫ్‌కు వచ్చేశాక, మిగిలినవాళ్ళకు పొట్టలొచ్చాక, కొత్తగా జట్టు కట్టాల్సిందేనని నాకూ తెలుసు. కానీ దానికి జమ్మలమడుగు నుంచి కోచ్‌ను తెచ్చుకోవాలా? సుబ్బన్న సారు బళ్ళో ఆటలు నేర్పి రిటైరైన పెద్దమనిషే కావచ్చు. జమ్మలమడుగు మనిషికి ప్రొద్దుటూరు బాగుపడితే ఏం వస్తుంది? ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. వచ్చీరాగానే పెన్న ఇసుకలో పరుగులు మాన్పించాడు. ఆ ఇసుకలో పరుగెత్తే కదా మన కాళ్ళకు సత్తువ వచ్చింది. మోకాళ్ళు పోతాయట. తర్వాత, బంతిని ఎత్తి కొట్టొద్దన్నాడు. గోల్‌కీపర్ దగ్గర నుంచే చిన్న చిన్న పాసులతో పైకి పోవాలట. నేను మన గోల్ ముందు కాపు కాస్తూ స్టాపర్‌గా ఆడిన ఇన్నేళ్ళలో నేర్చుకున్నది ఒక్కటే, బంతి మన గోల్ దగ్గరికొస్తే రోడ్డు మీద పడేట్టు తన్నడం. అది తప్పట ఇప్పుడు.

మొదటి మ్యాచ్ ఆ జమ్మలమడుగుతోనే నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం. నా అనుమానం నిజమైందని మామతో చెప్పి ఆ రోజు రెండు టీలు తాగాను. తర్వాత ఇంకొకటి ఓడిపోయాం, చక్రాయపేటతో సమం చేసుకున్నాం. అప్పుడైనా కమిటీ ఆయన్ని నిలదీస్తుందనుకున్నాను. కమిటీలో బావే ఉన్నాడాయె. సారు ఓపిక పట్టమన్నాడట, వీళ్ళు పట్టారట. నా మీద ఎప్పుడైనా అంత ఓపిక పట్టారా? సెమీస్‌లో ఒక్క పెనాల్టీ ఇచ్చినందుకు నెల రోజులు నా మొహం చూడలేదు మీ ఆయన.

ఆ తర్వాత వేంపల్లె మీద గెలిచారు. ఆ వీడియో బావ పూర్తిగా పంపాడు. మూడుసార్లు చూశాను. చక్రాయపేట నుంచి మన జట్టుకు మారిన ఆ ఓబులేసు, బావ వెల్డింగ్ షాపులో చేరినవాడు, పదహారో నంబరు వేసుకుని స్టాపర్‌గా ఆడాడు. మ్యాచ్ మొత్తంలో బంతిని ఒక్కసారి కూడా ఎత్తి కొట్టలేదు. ఇద్దరు మీదికొస్తున్నా కంగారు లేదు, పక్కవాడికి మెల్లగా ఇచ్చి పక్కకు జరిగాడు. వేంపల్లె వాళ్ళు చేతకానివాళ్ళు కాబట్టి సాగిందని మామతో అన్నాను. మామ నవ్వాడు. తుమ్మలపల్లె మీద కూడా గెలిచారు. అప్పటి నుంచి బావ వీడియోలు మారిపోయాయి.

గమనించావో లేదో, అన్నీ అవతలి గోల్ వైపే. బంతి మన సగంలోకి రాగానే వీడియో ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేసరికి మనవాళ్ళు అటు వైపు పరుగెత్తుతుంటారు. ఒకసారంటే సరే, మూడు మ్యాచ్‌లు అలాగే. అడిగితే బావ ఏమన్నాడో తెలుసా?

“ఫోన్‌లో జాగా చాల్లేదప్పా. గోల్స్ వరకు తీస్తాండా.”

మనం తిన్న గోల్స్ కూడా గోల్సే కదా. ఏదో దాస్తున్నారని అప్పుడే పట్టేశాను. సారు ఓబులేసును తీసేసి తన మనిషిని పెట్టాడేమో అనుకున్నాను, లేక ఓబులేసే కాలు విరగ్గొట్టుకున్నాడేమో అనుకున్నాను.

ఇడుపులపాయ పిల్లలతో మ్యాచ్‌కు పులివెందుల వాళ్ళు కొందరు మన ఆట పసిగట్టడానికి వచ్చారు. మొత్తం వీడియో తీసుకుని పోయారు. అది చేతులు మారి మారి హుసేనయ్య మామ ఫోన్‌లోకి వచ్చింది. అందులో చూశానక్కా. ఓబులేసు వీపు మీద నా ఐదో నంబరు.

నీకు కొత్తగా చెప్పేదేముంది, జెర్సీలు కుట్టేది నువ్వే. మన జట్టులో ఎవరు గల్ఫ్‌కు పోయినా వాళ్ళ జెర్సీ ఉతికి, మడిచి నీ పెట్టెలోకి చేరుతుంది. పోయినవాడు తన నోటితో ‘ఇక నేను రాను, ఎవరికైనా ఇవ్వండి’ అనేదాకా ఆ నంబరు ఇంకెవరూ వేసుకోరు. ఒక ఏడాది మన పదకొండుమందిలో ఐదుగురికి పైగా ఇరవై దాటిన నంబర్లే. వేరే ఊళ్ళవాళ్ళు నవ్వారు కూడా. అయినా ఎవరూ తప్పలేదు. తిరిగొచ్చినవాడు మొదటి శుక్రవారం గ్రౌండ్‌కొచ్చి నీ చేతి మీదుగా జెర్సీ తీసుకునేవాడు. నేను అలాంటివాళ్ళను నలుగురిని చూశాను, ప్రతిసారీ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

కొత్త జెర్సీకి ఐదు కుట్టి ఉంటారులే అని మనసుకు సర్దిచెప్పుకుని, వీడియో ఆపి, పెద్దది చేసి చూశాను. కుడి చంక కింద నీలం దారం రఫ్ఫు. పెన్న ఒడ్డున ముళ్ళకంపకు తగిలి చిరిగితే, ఎర్రదారం లేదని నీలందారంతో నువ్వే రఫ్ఫు చేశావు. అది నా జెర్సీ.

అదే రోజు నీకు ఫోన్ చేశాను. కోపం బయటపడకుండా మామూలుగానే అడిగాను, నా ఐదో నంబరు యాడుంది అని. నువ్వు తడుముకోకుండా అన్నావు.

“పెట్లోనే ఉందిలేరా. యాడికి పోతాది?”

పొయ్యి మీద పాలు పొంగినా బాగుండేది ఆ పూట. నువ్వు నాతో అబద్ధం ఆడావు. చిన్నప్పుడు అమ్మ పోయాక కూడా నన్ను ఊరుకోబెట్టడానికి ఒక్క అబద్ధం చెప్పనిదానివి. వారం పది రోజులు నాకు తిండి సహించలేదు. పీకలదాకా కోపం. బావ తన షాపు మనిషిని పైకి తేవడానికి పెట్టె తీయించాడనుకున్నాను. సుబ్బన్న సారు పాతవాళ్ళ గుర్తే లేకుండా చేస్తున్నాడనుకున్నాను. వాళ్ళు వాళ్ళే, నువ్వెలా ఒప్పుకున్నావు? నేను రంజాన్‌కు ఇంటికొచ్చేస్తానని అందరికీ చెప్పి ఉన్నాను కదా. వచ్చేవాడి జెర్సీ ఎవరైనా తీసి ఇస్తారా? నా గురించి నీకు లేనిపోనివి ఎవరో ఎక్కించారని గట్టిగా అనుకున్నాను. ఇక్కడ నా సంగతులన్నీ తెలిసినవాడు మామ ఒక్కడే. మొన్న ఇస్త్రీ బల్ల దగ్గరే ఆయన్ని పట్టుకుని నిలదీశాను, ప్రొద్దుటూరుకు ఏం చేరవేశావని.

మామ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వైపు చూశాడు. కోపం కూడా రాలేదు ఆయనకు.

“నేనేం చెప్పలేదురా. ఇంటికి పొయ్యేటోడు బూట్లు తెప్పించుకుంటాడా? అది చాలదా నీ అక్కకు?”

అక్కా, ఇస్త్రీ పెట్టె కింద అంగీ కాలిపోయింది. వాసన వచ్చేదాకా తెలియలేదు.

నేను కువైట్‌కు వచ్చే రోజు ఆ బూట్లు నీ మిషన్ వెనక గూట్లో పెట్టి, ఇవి ఇక్కడే ఉంటాయి, వీటి కోసమైనా తిరిగొస్తాను అన్నాను. నువ్వు వాటిని రెండేళ్ళు దుమ్ము దులుపుతూ ఉంచావు. పోయిన నెల కాక ముందు నెల, సెలవు నుంచి తిరిగొస్తున్న మన వీధి మనిషితో ఉల్లన్ బనీను, బూట్లు పంపమని ఫోన్‌లో ఊరికే అడిగేశాను.

“బూట్లు గూడానా?” అన్నావు.

అవును అన్నాను. బూట్లకు కొత్త లేసులు కట్టి, పాలిష్ పెట్టి పంపావు. నేనేమో ఇంతకాలం నిన్ను ఎవరు మార్చారా అని ఊరందరినీ అనుమానించాను. సంగతి చెప్పింది నేనే.

ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నేను ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టేశాను. రంజాన్‌కు రావడం లేదు. మా దుకాణం షేటు బలవంతం చేశాడని, మంచి పని ఇస్తానన్నాడని నీకు చెప్పాలని కథ కూడా తయారు చేసుకున్నాను. అది అసలు కారణం కాదు. వేంపల్లె మ్యాచ్ మూడుసార్లు చూశానన్నాను కదా, ఆ వారమే షేటు కాగితం ముందు పెట్టాడు. ఓబులేసు ఆడిన ఆట నాకు రాదక్కా. ఈ వయసులో నేర్చుకోలేను. నేనొస్తే మీరంతా మొహమాటానికి ఐదో నంబరు నాకిస్తారు. సారు రెండు మ్యాచ్‌లు ఆడించి బెంచీ మీద కూర్చోబెడతాడు. నువ్వు గ్రౌండ్ గోడ పక్కన నిలబడి అది చూస్తావు. ఆ భయానికి సంతకం పెట్టాను. సారు మీద నా ఏడుపంతా ఆయన ఆట తప్పని కాదు, ఆయన ఆట సాగుతోందని.

జెర్సీ నువ్వెందుకు ముందే తీసిచ్చావో ఇప్పుడు తెలిసింది. ‘నేను రాను’ అన్న మాట నా నోటితో అనిపించడం నీకు ఇష్టం లేదు. కానీ అది నేను అనాల్సిన మాటే, ఆనవాయితీ తప్పకూడదు. ఈ ఉత్తరం బావకు, సారుకు చదివి వినిపించు. ఐదో నంబరు ఓబులేసుకు ఇవ్వమని నేనే చెబుతున్నాను. రెండేళ్ళ తర్వాత తప్పకుండా వస్తాను. అప్పుడు నంబరు అడగను, గోడ పక్కన నీ దగ్గర నిలబడతాను. అంతవరకు ఆ చోటు నాకు ఉంచు.

ఒక్క పని చేసిపెట్టు. వీడియోలో చూశాను, ఓబులేసు నాకంటే భుజాలు వెడల్పు. చెయ్యెత్తినప్పుడల్లా జెర్సీ చంకల దగ్గర పట్టేస్తోంది. కుట్టేటప్పుడు లోపల వేలెడు గుడ్డ వదిలావు, నేను లావెక్కుతానని. ఆ కుట్లు విప్పి వదులు చెయ్యి. ఫైనల్‌కు ముందే.

అవ్వకు, బావకు, వీధిలో అడిగినవాళ్ళందరికీ నా సలాములు చెప్పు. అబద్ధమాడినందుకు నువ్వు, అనుమానించినందుకు నేను, ఇద్దరం ఒకరినొకరు మాఫ్ చేసుకుందాం. నీ దువా నా మీద ఎప్పుడూ ఉండాలని కోరుకునే

నీ తమ్ముడు
దస్తగిరి

మరిచాను. బావతో చెప్పు, పులివెందుల మ్యాచ్ మన గోల్ వెనక నిలబడి తీయమని.