నీ తమ్ముడి అధికారం

సుగుణా,

నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. పొలసర దగ్గర మన ఊరి స్మశానంలో క్రైస్తవుల సమాధి ఉండకూడదని, నిన్ను తవ్వి తీసుకుపొమ్మని ఊరివాళ్లు రేపటిదాకా గడువిచ్చారు. కొత్తగా సర్పంచి అయిన నీ తమ్ముడు నిన్న బరంపురంలో నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఊఁ అను బావా. అడ్డొచ్చినోళ్ల రేషన్ ఆపించేత్తాను. ఆళ్లే దారికొత్తారు."

"ఆళ్లిళ్లల్లో పసిపిల్లలున్నార్రా."

"మరి అక్కకెవరున్నారు?"

అయినా వద్దన్నాను. ఆ పిల్లలకు పోలియో చుక్కలు వేసింది నువ్వే. వాళ్ల అన్నం ఆపి నీకు చోటు సంపాదిస్తే ప్రార్థనలో ప్రభువుకు ముఖం ఎలా చూపించను? వాడు టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఇక్కడి చర్చి సమాధుల తోటలో వేరే సంఘం వాళ్లకు చోటు లేదన్నారు. తవ్వడానికి మనుషులను మాట్లాడాను. నిన్నెక్కడికి తీసుకెళ్లాలో ఇంకా తెలియదు.