శారద నర్సరీలో తల్లిమొక్క

శుక్రవారం, కడియం

అగ్రికల్చర్ పిల్లలకు నా మేనేజ్‌మెంట్ క్లాసులు ఈరోజుతో అయిపోయాయి. ఆఖరి పాఠం మా నర్సరీలోనే పెట్టాను. మా ఆవిడ శారద పోయాక దీన్ని మూసేద్దామనుకుంటున్నానని వాళ్ళకు చెప్పలేదు. బిజినెస్ ప్లాన్ వేయమన్నాను.

"గేటు పక్కన ఈ జామ అమ్ముడుపోని సరుకండీ. తీసేస్తే స్థలం కలిసొస్తుంది," అన్నాడు రవి.

"అది తల్లిమొక్క రా బాబూ! కొత్త మొక్కల కోసం అంట్లు కట్టేది దాని కొమ్మలకే. తీసేసి, నీ నెత్తిమీద కడతావా?" అంది లక్ష్మి. అందరూ నవ్వారు.

తర్వాత నా వైపు తిరిగింది. "వానలు పడ్డాయి కదండీ, ఇంకా అంట్లు కట్టలేదేంటండీ?"

కట్టే మనిషి ఇప్పుడు లేదు. శారద కడుతుంటే నేను దారం పట్టుకునేవాణ్ణి, అంతే.

వాళ్ళు వెళ్ళాక చాలాసేపు ఆ జామ దగ్గరే నిలబడ్డాను.

రేపు పొద్దున్నే ఒక్క కొమ్మకైనా అంటు కడతాను. దారం నేనే పట్టుకుని, ముడీ నేనే వేయాలి.