అటక మీది ఆరు అంకెలు

లింబాయత్, సూరత్,
6 సెప్టెంబర్ 2020

చిరంజీవి తమ్ముడు కనకయ్యకు అక్క బాలవ్వ దీవించి రాసేది ఏమంటే,

ఇక్కడ మేమందరం క్షేమం అని రాద్దామని కూర్చున్నాను. చెయ్యి రావడం లేదు. నేను క్షేమమే. మీ బావ సంగతే తెలియడం లేదు. ఫోన్ చేద్దామంటే ఉన్న ఒక్క ఫోనూ ఆయన చేతిలోనే ఉంటుంది. కొడుక్కి చెబుదామంటే ఓంకార్‌ను కంపెనీ వాళ్ళు హజీరా గేటు దాటనివ్వడం లేదు. తండ్రికి బాగా లేదని తెలిస్తే వాడు గోడ దూకుతాడు. నువ్వు ముప్పై ఏళ్ళు కాంపౌండరు పని చేసినవాడివి, అందుకే నీకు రాస్తున్నాను.

నెల కింద కొరియర్‌లో ఒక డబ్బా వచ్చింది. మీ బావ దాన్ని చంకన పెట్టుకుని అటక ఎక్కాడు. అప్పటినుంచి తిండికీ స్నానానికీ తప్ప దిగడు. మొన్న పైనుంచి సన్నగా పొగ, గుగ్గిలం కాలినట్టు వాసన. "ఏందయ్యా ఆ వాసన?" అని అరిచాను. "ఏం వాసనే? నాకేం వస్తలేదు" అన్నాడు. ఇల్లంతా కమ్మిన వాసన ఆ మనిషికి రాలేదు తమ్ముడూ! వాసన పోవడమే కరోనా గుర్తని టీవీలో రోజూ చెబుతున్నారు కదా.

నిన్న ఆయన స్నానానికి పోయినప్పుడు నిచ్చెనెక్కి చూశాను. చీరలు పెట్టే అట్టపెట్టె మూతంత పచ్చ బిళ్ళ. దాని మీద మీటలు, పైన ఎర్రగా వెలిగే ఆరు అంకెలు. పక్కన నోటుబుక్కు నిండా అంకెలే. మీటలు నొక్కడం, అంకె చూడడం, రాసుకోవడం, ఇదే పని. పక్కింటి అంబదాస్ దగ్గర ఆక్సిజన్ చూసుకునే మిషన్ ఉంది. దానికీ ఎర్ర అంకెలే, కాకపోతే రెండే. ఆరు అంకెలు కావాల్సి వచ్చిందంటే రోగం ఎంత పెద్దదై ఉండాలి?

అది వేరే కరెంటు వస్తువు కాదు. వెనకోసారి ఇస్త్రీపెట్టె బాగుచేస్తానని గల్లీ అంతా చీకటి చేసిన రోజున, ఇక జన్మలో వైరు ముట్టనని నా నెత్తి మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. కాబట్టి మందుల మిషనే.

ఆదివారం ఫోన్‌లో ఐదారుగురు ముసలాళ్ళు కలుస్తారు. ఎవరి ముఖమూ చూపించరు, ఎవరి ఎర్ర అంకెలు వాళ్ళు చూపించుకుంటారు. పోయిన వారం ఒకాయనవి వెలగలేదు. అందరూ తలా ఒకసారి అయ్యో అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నేనేం తక్కువ చేశాను? బయటినుంచి వస్తే సబ్బుతో ఇరవై లెక్కపెట్టి కడుక్కోమంటాను. గబగబా లెక్కపెడతాడని అనుమానం వచ్చి మళ్ళీ కడిగిస్తాను. "ఇరవై అయినయే!" "యాడ అయినయ్? పదిహేనే." రోజూ ఇదే లొల్లి. ఇంత చేసినా ఇట్లా అయ్యింది.

ఇట్లు,
నిద్రలేని నీ అక్క బాలవ్వ

తా.క.: ఈ కాగితాన్నీ సబ్బుతో కడుగుదామనుకున్నాను. అక్షరాలు పోతాయని రెండు రోజులు ఎండలో పెట్టాను. నువ్వు కూడా ఎండలో పెట్టే చదువు.


సిరిసిల్ల,
15 సెప్టెంబర్ 2020

పూజ్యురాలైన అక్కగారి పాదాలకు తమ్ముడు కనకయ్య నమస్కరించి వ్రాయు విన్నపం.

నీ ఉత్తరం ఎండలో పెట్టాను. మేక ఒక మూల తిన్నది. మిగిలిన దాన్నిబట్టి నాకు అర్థమైనది ఏమనగా, రెండంకెల మిషన్ మామూలు జనానిది, ఆరంకెలది పెద్దాసుపత్రిది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో అలాంటిది నేనే చూడలేదంటే అది ఎంత గొప్పదో ఆలోచించు.

బావను ఏమీ అడగవద్దు. తన గుట్టు తెలిసిపోయిందని రోగికి దడ పుడితే రోగం పెరుగుతుంది. నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాసి పంపు, చూసి రిపోర్టు ఇస్తాను. అంతవరకు తిప్పతీగ, శొంఠి, మిరియాలు, వాము మరగబెట్టి, ఛాయ్ అని చెప్పి పరగడుపున గ్లాసెడు ఇవ్వగలవు.

చిత్తగించవలెను.
కనకయ్య, రిటైర్డ్ కాంపౌండర్

తా.క.: మోతాదు సరిచూడటానికి ముందు నీ మరదలు విజయశ్రీకి ఇచ్చాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గొంతు పట్టి ఉండవచ్చు.


లింబాయత్, సూరత్,
27 సెప్టెంబర్ 2020

చిరంజీవి కనకయ్యకు అక్క భయం భయంగా దీవించి రాసేది,

నువ్వు చెప్పినట్టే ఛాయ్ అని ఇచ్చాను. ఒక్క గుక్కకే "ఇదేం ఛాయే? ఎవర్ని సంపుదామని?" అని గ్లాసు గిరాటేయబోయాడు. బతిమాలి తాగించాను. ఆ రోజు తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చాడు. ప్రతిసారీ చేతులు, ప్రతిసారీ ఇరవై, ప్రతిసారీ లొల్లి.

మొన్న మున్సిపాలిటీ బండి గల్లీలోకి వచ్చింది. నర్సమ్మ ఆయన వేలికి మిషన్ తగిలించి, "అఠ్ఠానవే! కాకా ఏకదమ్ ఫస్ట్ క్లాస్" అన్నది. తొంభై ఎనిమిదట. నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఆమెది రెండంకెలదే కదా అని గుర్తొచ్చి కూలబడ్డాను.

నోటుబుక్కు రాసి పంపుతున్నాను. నాకు ఇంగ్లీషు రాదు. కానీ మీ బావ మగ్గాల అట్టలకు డిజైను ప్రకారం రంధ్రాలు కొడితే, ముప్పై ఏళ్ళు వాటిని వరస తప్పకుండా దారంతో కుట్టింది నేనే కదా. ఒక్క అట్ట అటుదిటైతే కొంగు మీద నెమలికి తోక మెడ దగ్గర మొలుస్తుంది. ఆ కన్నుతోనే చూసి రాశాను. అంకెలు కానివాటికి నేను పేర్లు పెట్టుకున్నాను: నిచ్చెన, దువ్వెన, ఒక పన్ను విరిగిన దువ్వెన. ఒకే వరస ఆరుసార్లు వచ్చింది. ఐదోసారి మాత్రం రెండు అంకెలు తారుమారయ్యాయి. పాపం, చెయ్యి వణికినట్టుంది. నేను సరిచేసి రాశాను.

అన్నిటికంటే పెద్ద సంగతి. నిన్న నిచ్చెనెక్కి చూస్తే ఆరూ సున్నాలే! కళ్ళు తిరిగి కిందికి చూస్తే ఆ మనిషి అటు తిరిగి కూర్చుని నాలుగో జొన్నరొట్టె తింటున్నాడు. సున్నా మీద ఎలా తింటున్నాడు తమ్ముడూ?

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఐదో రొట్టె అడిగాడు. ఇవ్వొచ్చా? నీ జవాబు వచ్చేదాకా ఆగడు కాబట్టి ఇచ్చేశాను.


సిరిసిల్ల,
8 అక్టోబర్ 2020

అక్కగారికి కనకయ్య బరువెక్కిన గుండెతో వ్రాయునది.

ధైర్యంగా ఉండు. నిచ్చెన అనగా A, అది విటమిన్. దువ్వెన E, అదీ విటమిన్. విరిగిన దువ్వెన F, ఫీవరు. నువ్వు పంపిన కాగితం మీదే ఎర్ర సిరాతో రిపోర్టు రాసి జతచేశాను. ఆరు సున్నాలు వచ్చాక రొట్టెలు తిన్న రోగి నా సర్వీసులో లేడు. బావ మొండి మనిషి, కాబట్టి కొన్నాళ్ళు లాగుతాడు.

ఇప్పుడు సాగనంపడానికి ఇరవై మందికే అనుమతి. ముందుజాగ్రత్తగా నా పేరుతో మొదలుపెట్టి లిస్టు రాశాను, అదీ పంపుతున్నాను. తన పేరు లేదని సాంబయ్య బాబాయి అలిగి మా గడప తొక్కడం మానేశాడు. పదిహేడో నంబరు సోమలింగం "ఇంతకూ ఎప్పుడంటవ్?" అని రోజూ వచ్చి అడుగుతున్నాడు. రైలు టికెట్లు దొరకవని అతని బాధ.

కన్నీళ్ళతో,
కనకయ్య

తా.క.: లిస్టు బావ కంట పడనివ్వకు.


లింబాయత్, సూరత్,
20 అక్టోబర్ 2020

కనకయ్యకు అక్క ముందు తిట్టి, తర్వాత దీవించి రాసేది,

ఈసారి కవరు మీద "ముత్యం ఇంట్లో బాలవ్వకు" అని రాస్తే పోస్టుమాన్ ఎవరికి ఇస్తాడు? ముత్యానికే ఇచ్చాడు. మీ బావ గడప మీదే నిలబడి అంతా చదివాడు.

"నేను సచ్చిన్నా? నాకు జెప్పకుంటనే?" అన్నాడు. లిస్టు రెండుసార్లు చదివి, "సాంబయ్య మామ లేకుంట నా సావేంది?" అన్నాడు. నేను గోడకు అతుక్కుపోయాను. నీ రిపోర్టు చింపబోయి, దాని మీద నా రాత చూసి ఆగాడు.

"గిది నువ్వే రాసినవా?"

"అవు."

"ఐదో వరస ఎందుకు మార్సినవ్?"

"తప్పున్నది. మార్సిన."

కాగితం పట్టుకుని గబగబా అటక ఎక్కాడు. టకటకా మీటలు. కాసేపటికి "బాలవ్వా!" అని కేక. నలభై ఐదేళ్ళ కాపురంలో నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అయిపోయాడనుకుని ఏడుస్తూ ఎక్కాను. చూస్తే ఆరు సున్నాల్లో చివరిది ఒకటైంది. రెండైంది. మూడైంది. అలా పోయి పోయి ఇరవై దగ్గర ఆగింది.

"ఏందిది?"

"సబ్బు లెక్క. నీ అనుమానానికి నౌకరీ చేసి చేసి అలిసిపోయిన. ఇగ ఇది జేస్తది."

తమ్ముడూ, అది కంప్యూటరట! మా పెళ్ళైన నాలుగేళ్ళకు ఇక్కడ ఎగ్జిబిషన్‌లో అలాంటి బిళ్ళనే గాజుపెట్టెలో పెట్టారట. "రేపు మీ అట్టల పని ఇదే చేస్తుంది" అని అక్కడివాడు భయపెడితే, ఈయన భయపడాల్సింది పోయి మనసు పారేసుకున్నాడు. ఇప్పుడు ఆ పాతదాన్నే అచ్చం అలాగే కొత్తగా చేసి, ముక్కలుగా డబ్బాలో పెట్టి పంపుతున్నారట. ఎవరిది వాళ్ళే సీసం కరిగించి అతికించుకోవాలి. ఆ పొగ అదే. నన్ను మాయ చేయడానికి వాసన రాలేదన్నాడు. ఆదివారం ముసలాళ్ళదీ ఇదే పిచ్చి. జేబులో దీనికంటే లక్షరెట్లు తెలివైన ఫోన్ పెట్టుకుని, దీనితో ఇరవై దాకా లెక్కపెట్టిస్తారు. అది లెక్కపెడితే మనవడు పుట్టినంత సంబరం! మీ బావది నెల రోజులుగా సున్నా దగ్గరే మొరాయిస్తున్నది. తప్పు ఆ ఐదో వరసలోనే ఉందట.

"నా నెత్తి మీద పెట్టిన ఒట్టేమాయె?" అని అడిగాను.

"వైరు ముట్టనన్న. ఇది బిళ్ళ."

మొన్న ఆదివారం ఫోన్ నా దిక్కు తిప్పి, "తప్పు పట్టింది ఈమెనే" అని హిందీలో చెప్పాడు. మొదటిసారి వాళ్ళు ముఖాలు చూపించారు. అందరూ దండం పెట్టారు. అంకెలు వెలగని ఆయన, "భాభీ, నా నోటుబుక్కు కూడా జర చూసిపెట్టండి" అని నిన్న ఫోన్‌లో పదకొండు పేజీలు పంపాడు. ఏడో పేజీలో ఉన్నాను. ఈయన వరసలు మీ బావకంటే అధ్వాన్నం.

ఇట్లు,
తీరిక లేని నీ అక్క బాలవ్వ

తా.క.: మీ బావ లిస్టులో ఒక పేరు కొట్టేసి సాంబయ్య బాబాయి పేరు రాశాడు. కొట్టేసింది ఎవరిదో చెప్పను. మొదటి నంబరు.

మళ్ళీ తా.క.: ఎవరికీ చెప్పకు. రాత్రి గోడ గడియారం పక్కన పెట్టి చూశాను. ఆ బిళ్ళ ఇరవై చూపించేసరికి గడియారంలో పందొమ్మిది సెకన్లే అయింది. నేను ముందే అన్నాను కదా! ఏ అంకె దిద్దాలో నాకు దాదాపు తెలిసింది. రేపు ఆయన స్నానానికి పోగానే అటక ఎక్కుతాను.